పశువైద్యుల సంఘం శిక్షణ: సభ పెట్టాలా, ఫోనులో చెప్పాలా?

గోదావరి జిల్లాల పశువైద్యులకు ఇది ఎప్పటికీ తేలని తగువు.

ఖర్చు: సభకు హాలు, భోజనాలు, ప్రయాణాలు. ఫోను పాఠానికి దాదాపు ఏమీ లేదు.

శ్రమ: సభకు లంక గ్రామాల వైద్యులు రేవు దాటి రాజమహేంద్రవరం రావాలి, ఆ రోజు ఆసుపత్రి మూతే. ఫోను పాఠం చంటిబిడ్డ ఉన్న వైద్యురాలికీ అందుతుంది. వృత్తిలోకి అమ్మాయిలు ఎక్కువగా వస్తున్న సంగతి సంఘం పెద్దలకు ఇంకా పట్టినట్టు లేదు.

నేర్పు: అసలు తేడా ఇక్కడే. ఈనబోయే గేదెకు గర్భసంచి మెలిక పడితే, ముందు లోపల చెయ్యిపెట్టి అది ఎటు తిరిగిందో పసిగట్టాలి. ఆ వైపుకే పడుకోబెట్టి, డొక్క మీద చెక్క వేసి, దానిపై ఒక మనిషి నిలబడగా అదే దిశలో దొర్లించాలి. ఎన్ని వీడియోలు చూసినా ఆ పట్టు చేతికి రాదు.

ప్రమాదం: 2025 ఫిబ్రవరిలో తణుకు పరిసరాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. అలాంటప్పుడు సభ పెడితే వైద్యుల బూట్లు, బండి చక్రాలే వైరస్‌ను మోసుకుపోగలవు.

శ్రద్ధ: ఫోను పాఠంలో తెర మీద పేరుంటుంది, మనిషి ఉండడు. సభలో భోజనాల దాకానైనా ఉంటాడు.

వ్యాధి హెచ్చరికలు, టీకాల మార్పులు, మందుల నిబంధనలకు ఫోను చాలు. పశువులు ఈనేటప్పటి కష్టాలు, శస్త్రచికిత్స, స్కానింగ్ నేర్పాలంటే సభే పెట్టాలి. కొత్తగా చేరినవారి దారి ఖర్చు సంఘమే భరించాలి.