పేరు వంచి డాట్ కామ్ కొనాలా, పేరు ఉంచి డాట్ ఇన్ కొనాలా?

మా వదిన పచ్చళ్ల వ్యాపారానికి వెబ్‌సైటు పెట్టాలనుకుంది. పేరు కూడా తనే ఆలోచించుకుంది. రెండు మాటల చక్కని పేరు, అందులో ఒకటి ‘పచ్చడి’. వెతికితే డాట్ కామ్‌లో ఎవరో ఎప్పుడో తీసేసుకున్నారు. అక్కడ దుకాణమూ లేదు, పచ్చడీ లేదు, ‘ఈ పేరు అమ్మకానికి ఉంది’ అన్న పేజీ ఒక్కటే ఉంది. మొదటి డాట్ కామ్ పేరు నమోదైంది 1985లో. నలభై ఏళ్లు ఆలస్యంగా బజారుకు వెళ్తే మంచి కాయలన్నీ ఎవరో ఏరుకుపోయే ఉంటారు.

ఇక మిగిలినవి: పేరును కాస్త వంచి, అంటే మధ్యలో గీత పెట్టో చివర ఇంకో మాట తగిలించో డాట్ కామ్ కొనడం, అనుకున్న పేరునే డాట్ ఇన్‌లో కొనడం, తెలుగు లిపిలో డాట్ భారత్ తీసుకోవడం. ఎదురుచూడటమూ ఒక దారే కానీ, దాని మీద నాకు నమ్మకం లేదు. డాట్ కామ్ పేరు గడువు తీరినా పాత యజమానికి 45 రోజుల దాకా వెసులుబాటు ఉండవచ్చు, ఆపైన తిరిగి విడిపించుకోవడానికి 30 రోజులు, తొలగింపుకు మరో 5 రోజులు. పైగా అమ్మకానికి పెట్టినవాడు గడువు ఎందుకు తీరనిస్తాడు?

చాలామంది డాట్ కామా, డాట్ ఇన్నా అని తోకను గురించి తగవు పడతారు. తెలుగు పేరుకు అసలు చిక్కు తలలోనే ఉంది. ‘పచ్చడి’ని ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా రాస్తాం? ‘సీహెచ్’ ఒకసారి చాలా, రెండుసార్లు రాయాలా, ముందు ఇంకో ‘సీ’ చేర్చాలా? ‘ఆవకాయ’కు మొదట ఒక ‘ఏ’నా, రెండా? ఇంట్లో ఐదుగురికి తలా ఒక కాగితం ఇచ్చి వదిన అనుకున్న పేరును ఇంగ్లీషులో రాయమన్నాను. నాలుగు రకాలుగా రాశారు. ఇందులో ఒక ఆశ ఉంది: ఒక రకం పోయినా ఇంకో రకం డాట్ కామ్‌లో ఖాళీగా దొరకవచ్చు. కానీ ఎక్కువమంది రాసే అక్షరాల వరుస అవతలివాడి చేతిలో ఉంటే, మనం పంచిన కరపత్రం చూసి జనం వాడి గుమ్మం ఎక్కుతారు. అందుకని అరుదైన వరుసతో వచ్చే డాట్ కామ్ కంటే, అందరి చేతికీ అలవాటైన వరుసతో వచ్చే డాట్ ఇన్ మేలంటాను.

డాట్ ఇన్‌ను 2005 ఫిబ్రవరిలో అందరికీ తెరిచారు, అందుకే అక్కడ ఇంకా పేర్లు దొరుకుతాయి. యజమాని వివరాలకు ముసుగు వేసే ప్రాక్సీ నమోదును మాత్రం ఒప్పుకోరు. పచ్చళ్లు అమ్ముకునేవాళ్లకు దానితో వచ్చిన నష్టమేమీ లేదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న బంధువులు అలవాటు కొద్దీ డాట్ కామ్ అని కొట్టేస్తారన్న భయం మాత్రం నిజమైనదే. వాళ్లకు వాట్సాప్‌లో లింకు పంపితే కొట్టే పనే ఉండదు.

డాట్ భారత్ అంటే నాకు ముచ్చట. పచ్చడిని పచ్చడిగానే రాయవచ్చు, వరుసల గొడవ ఉండదు. అయితే లోపల కంప్యూటర్లు దాన్ని ‘ఎక్స్ఎన్’తో మొదలయ్యే ఇంగ్లీషు అక్షరాల గుంపుగా మార్చుకుంటాయి. కొన్ని చోట్ల లింకు అదే అవతారంలో కనబడి, మోసమేమో అనిపిస్తుంది. తెలుగు ఈమెయిలు చిరునామాను ఒప్పుకోని వెబ్‌సైట్లూ చాలానే ఉన్నాయి. రెండో పేరుగా కొని అసలు చిరునామాకు మళ్లించుకోవచ్చు గానీ, దాని ఒక్కదాని మీదే దుకాణం నడపలేం.

ధర దగ్గర ఒక మాట. డాట్ కామ్ పేర్ల టోకు ధర, అంటే మనకు అమ్మే కంపెనీలు కట్టేది, 2024 సెప్టెంబరులో ఏడాదికి 10.26 డాలర్లయింది. తొలి ఏడాది అంతకంటే చవగ్గా ఇస్తున్నారంటే, ఆ లోటు రెండో ఏటి నుంచి మన దగ్గరే రాబడతారు. పోల్చవలసింది పునరుద్ధరణ ధరను, అంటే రెండో ఏటి నుంచి ఏటా కట్టేదాన్ని. ఇది డాట్ ఇన్‌కూ వర్తిస్తుంది.

వదిన మనసు మాత్రం గీత పెట్టిన డాట్ కామ్ మీదే ఉంది. సరే, ఫోనులో ఒకసారి ఎవరికైనా చెప్పి చూడమన్నాను. నరసాపురంలో ఉన్న వాళ్ల పిన్నికి స్పీకరు పెట్టి చెప్పింది.

“మధ్యలో చిన్న గీత ఉంటుంది పిన్నీ.”

“చిన్న గీతా? అంటే దుకాణం నీది కాదా?”

ఆ రాత్రే డాట్ ఇన్ కొన్నాం. ఎక్కువమంది రాసిన వరుస ఒకటి, దాని తరువాతది ఇంకొకటి, రెండూ.