యాప్ స్లో అయితే పెద్ద సర్వర్ అంటారు, డబ్బు కట్టే ముందు పూల్ లెక్క అడగండి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో రొయ్యల మేత, మందుల వ్యాపారం చేసేవాళ్లు చాలామంది ఆర్డర్ల కోసం వెబ్ అప్లికేషన్ చేయించుకుంటున్నారు. మేమూ చేయించుకున్నాం. చేసిచ్చిన వాళ్ల పేరు రాయను గానీ, వాళ్లు మాతో డబ్బు కట్టించిన తీరు మాత్రం మీకు తెలియాలి.

ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు వైపు రైతులు ఆర్డర్లు పొద్దున్నే పెడతారు. సరిగ్గా ఆ వేళకే యాప్ మొరాయించేది. చక్రం తిరిగి తిరిగి, 30 సెకన్లకు ఎర్రర్. మధ్యాహ్నం చూస్తే ఏ గొడవా లేదు. అవతల చెరువు గట్టు మీద రైతుకు టెన్షన్, ఇవతల మాకు ఫోన్ల మోత.

అడిగితే ఒకటే మాట: "సార్, మీకు ట్రాఫిక్ పెరిగింది, పెద్ద ప్లాన్‌కి మారాలి." మారాం. కనెక్షన్లు కూడా పెంచామన్నారు. ఆ తర్వాత ఇంకా అధ్వాన్నమైంది. ఈసారి "టూ మెనీ క్లయింట్స్ ఆల్రెడీ" అని కొత్త ఎర్రర్.

బెంగళూరులో ఇలాంటి యాప్‌లు చేసే పనిలోనే ఉన్న మా మేనల్లుడు పండక్కి వచ్చినప్పుడు కూర్చుని చూశాడు. "మామా, సర్వర్ ఖాళీగానే ఉంది, అసలు సమస్య పూల్‌లో ఉంది" అన్నాడు.

యాప్ డేటాబేస్‌కి కొన్ని కనెక్షన్లు ముందే తెరిచి పెట్టుకుంటుంది. రిక్వెస్ట్ రాగానే ఒకటి తీసుకుని, పని కాగానే తిరిగి ఇచ్చేస్తుంది. దాన్నే కనెక్షన్ పూల్ అంటారు. మాది జావా యాప్, అందులో ఉన్నది హికారీ పూల్. ఏమీ మార్చకపోతే దాని సైజు 10. కనెక్షన్ దొరక్కపోతే 30 సెకన్లు ఎదురుచూసి ఎర్రర్ ఇస్తుంది. మా 30 సెకన్లు అక్కడివే.

యాప్ చేసిచ్చినవాళ్లు ఆ 10ని 50 చేసి, పెద్ద ప్లాన్‌లో యాప్‌ను నాలుగు కాపీలు నడిపారు. అంటే 200 కనెక్షన్లు. మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్, అది మామూలుగా ఒప్పుకునేది 100. ఈ గుణకారం కూడా వేసుకోకుండా బిల్లు వేశారు!

పోనీ డేటాబేస్‌లోనే 500కి పెంచితే? పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో ప్రాసెస్, దానికి తగ్గ మెమరీ. సర్వర్ ప్రాసెసర్‌లో పని చేసే భాగాలను కోర్లు అంటారు, నాలుగు కోర్లు ఒకే క్షణంలో నాలుగు పనులే చేయగలవు, మిగతావన్నీ తోసుకుంటూ నిలబడాలి. అందుకే కోర్ల సంఖ్యకు రెట్టింపు, దానికి డిస్కుల సంఖ్య కలిపి మొదలుపెట్టమని హికారీ వాళ్లే రాశారు. నాలుగు కోర్లకు, ఒక డిస్కుకు 9 అవుతుంది. అది డేటాబేస్ మొత్తానికి లెక్క, కాపీకి ఇంత అని కాదు.

మరి 10 ఎందుకు చాలలేదు? పొద్దున రద్దీలో మేనల్లుడు పీజీ_స్టాట్_యాక్టివిటీ, అంటే ఏ కనెక్షన్ ఏం చేస్తోందో పోస్ట్‌గ్రెస్ చూపించే పట్టిక, తెరిచి చూపించాడు. వరసగా "ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్". డేటాబేస్ ఏ పనీ చేయడం లేదు, కనెక్షన్లు మాత్రం వదలడం లేదు. ఆర్డర్ రాసి, కమిట్ చేయకుండా (అంటే డేటాబేస్‌లో ఖరారు చేయకుండా) రైతుకు ఎస్సెమ్మెస్ పంపి, ఆ జవాబు వచ్చేదాకా కోడ్ కనెక్షన్‌ను పట్టుకునే ఉంది. సెకనుకు 5 ఆర్డర్లు, ఒక్కోటి 3 సెకన్లు పట్టుకుంటే 15 కనెక్షన్లు కావాలి. అదే ఆర్డర్ 50 మిల్లీసెకన్లలో వదిలేస్తే సగటున ఒక్కటి కూడా నిండదు. ముందు కమిట్ చేసి, ఎస్సెమ్మెస్ తర్వాత పంపేలా మార్పించాం. ఒకే కాపీ, పూల్ మళ్లీ 10, పాత ప్లాన్. ఇప్పుడు పొద్దున కూడా ఆర్డర్లు ఆగడం లేదు.

కాబట్టి ప్లాన్ మార్చమంటే మూడు అంకెలు కాగితం మీద అడగండి: పూల్ సైజు, కాపీలు, డేటాబేస్ పరిమితి. రద్దీ వేళ సీపీయూ ఎంత వాడుతోందో, కనెక్షన్లు ఏం చేస్తున్నాయో మీ ఎదుటే తెరిచి చూపించమనండి. హికారీలో కనెక్షన్ ఎక్కువసేపు పట్టుకుంటే లాగ్‌లో రాసే లీక్ డిటెక్షన్ ఉంది, అది ఆన్ చేయించండి. డేటాబేస్ లాగిన్ మీ చేతికిస్తామని ఒప్పందంలోనే రాయించుకోండి. అది మా చేతిలో ఉండబట్టే ఇదంతా బయటపడింది. పెద్ద ప్లాన్‌కి కట్టిన డబ్బు తిరిగి ఇవ్వమని రాతపూర్వకంగా అడిగాం, ఇంకా జవాబు లేదు.