న్యూయార్క్ పాత ఇళ్ళ ఫొటోలు, మేయర్ కాగితాలు: బరంపురంలో కూర్చుని వాడి చూశాక

ఒడిశాలోని బరంపురంలో ఉన్నవాడికి న్యూయార్క్ మునిసిపల్ రికార్డులతో ఏం పని అని అడిగేవాళ్ళు ఎలాగూ అడుగుతారు. పనుంది. ఇప్పుడు మన గంజాం తెలుగువాళ్ళ ఇళ్ళలో ప్రతి రెండో ఇంటికీ అమెరికాలో ఎవరో ఒకరున్నారు, వాళ్ళలో న్యూయార్క్‌లో ఉన్నవాళ్ళూ బాగానే ఉన్నారు. ఇక ఈ సర్వీసు పూర్తిగా ఉచితం, లాగిన్ అక్కర్లేదు, ఓటీపీ గొడవ లేదు. అందుకే వివరంగా రాస్తున్నా.

సర్వీసు పేరు న్యూయార్క్ మునిసిపల్ ఆర్కైవ్స్. అంటే నగరపాలక సంస్థ పాత రికార్డుల భాండాగారం. మాన్‌హట్టన్‌లో 31, ఛాంబర్స్ స్ట్రీట్‌లో ఉంటుంది. 2012లో పాత ఫొటోలు ఆన్‌లైన్‌లో పెట్టడం మొదలుపెట్టారు, అప్పుడే 8 లక్షలకు పైగా పెట్టారు. 2018లో అసలు సరుకు వచ్చింది: 1939 నుంచి 1941 మధ్య నగరంలోని భవనాలన్నిటికీ తీసిన ఫొటోలు, సుమారు 7 లక్షల 20 వేలు. సినిమా హాలు, చర్చి, ఆకాశాన్నంటే ఆఫీసు మేడలు, మూల మీద చెప్పులు కుట్టే కొట్టు, వెనక సందులో రేకుల షెడ్డు, అన్నీ ఉన్నాయి.

ఎందుకు తీశారో తెలిస్తే ఈ సర్వీసు మీద గౌరవం ఇంకా పెరుగుతుంది. చరిత్ర కోసం కాదు, ఇంటి పన్ను కోసం. పన్ను వేయాలంటే ఇల్లు ఎంతుందో, ఏ స్థితిలో ఉందో ఆఫీసులో కూర్చున్నవాడికి కనిపించాలి కదా. అప్పుడు అక్కడ పెద్ద మాంద్యం, జనానికి పనుల్లేవు, కేంద్ర ప్రభుత్వం డబ్ల్యూపీఏ అని ఒక ఉపాధి పథకం నడుపుతోంది. మన ఉపాధి హామీ లాంటిదే, కాకపోతే మన దగ్గర చెరువులు తవ్విస్తే అక్కడ కొంతమంది చేతికి కెమెరా కూడా ఇచ్చారు. ఇద్దరు ముగ్గురు కలిసి వీధివీధి తిరిగి, ఇంటి ముందు నంబరు పలక నిలబెట్టి, క్లిక్ మనిపించి పక్కింటికి వెళ్ళిపోయారు. అందుకే ఆ ఫొటోల్లో అందం కోసం ఎవరూ సర్దుకోలేదు. మెట్ల మీద కూర్చున్న పిల్లలు, ఏమిటీ గోల అని కిటికీలోంచి చూస్తున్న పెద్దావిడ, ఎవరిదో కారు, ఆరేసిన బట్టలు, అన్నీ ఉన్నవున్నట్టే పడ్డాయి. గొప్పవాడి మేడకీ కూలివాడి ఇంటికీ ఒకే సైజు ఫొటో, ఒకే పలక. నాకు బాగా నచ్చింది ఇదే.

మా పెద్దమ్మ కొడుకు, అంటే మా అన్నయ్య, క్వీన్స్‌లో జాక్సన్ హైట్స్‌లో అద్దెకుంటాడు. ఎర్ర ఇటుకల అపార్ట్‌మెంట్, పాతదే. ఆ ఇంటి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపిస్తే వాడు మొదట నమ్మలేదు, "ఒరేయ్ ఇది ఏఐతో చేశావా?" అన్నాడు. గుమ్మం పైన రాతి చెక్కడం అదే, మెట్లు అవే, కింద ఇప్పుడు మనవాళ్ళ సరుకుల కొట్టున్న చోట అప్పట్లో మందుల షాపు బోర్డు. మా వదిన అయితే ఆ ఫొటో ఇంటి ఓనర్‌కి చూపించి రెండు నెలలుగా పెండింగ్‌లో ఉన్న హీటర్ రిపేరు చేయించుకుంది. ఫొటోకీ హీటర్‌కీ ఏం సంబంధమో నాకు ఇప్పటికీ తెలీదు గానీ పని జరిగింది.

వాడే పద్ధతి చెప్తా, ఇక్కడే చాలామంది ఆగిపోతారు. పన్ను కోసం తీసినవి కాబట్టి ఇవి పన్ను లెక్క ప్రకారమే సర్ది ఉంటాయి. అంటే బరో (నగరంలోని ఐదు భాగాల్లో ఏది), బ్లాకు (అందులో వీధుల మధ్య ముక్క), లాటు (ఆ ముక్కలో ఒక్కో స్థలం) అని మూడు నంబర్లు కావాలి. బరో నంబర్లు తేలిక: మాన్‌హట్టన్ 1, బ్రాంక్స్ 2, బ్రూక్లిన్ 3, క్వీన్స్ 4, స్టాటెన్ ఐలాండ్ 5. మిగతా రెండూ నగర ప్లానింగ్ శాఖ మ్యాపులో అడ్రసు కొడితే వచ్చేస్తాయి. ఇంటి పన్ను బిల్లు ఉంటే దాని మీదే ఉంటాయి. పాత ఇల్లు పడగొట్టి రెండు స్థలాలు కలిపి కొత్తది కట్టిన చోట లాటు నంబరు మారి ఉండొచ్చు, అప్పుడు పక్క నంబర్లు కూడా చూసుకోవాలి. ఈ తలనొప్పి వద్దనుకుంటే ఒక ఔత్సాహికుడు ఇవే ఫొటోలతో విడిగా ఒక మ్యాపు చేసి ఉచితంగా పెట్టాడు, వీధి మీద చుక్క నొక్కితే ఇల్లు తెరుచుకుంటుంది. మొదటిసారి చూసేవాళ్ళు అక్కడ మొదలుపెట్టడమే మంచిది. ఇంకో మాట, 1980ల్లో మళ్ళీ ఇలాగే అన్ని ఇళ్ళకీ రంగుల ఫొటోలు తీశారు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నలభై ఏళ్ళలో ఏ పేట ఎక్కింది, ఏ పేట దిగిపోయింది అన్నది ఎవరూ చెప్పక్కర్లేదు. బ్రాంక్స్ వైపు కొన్ని వీధులు చూస్తే కడుపులో దేవినట్టయింది.

ఇప్పుడు మేయర్ సంగతి. ఈ ఫొటోలు తీసిన కాలంలో మేయర్ ఫియొరెల్లో లాగ్వార్డియా. 1934 జనవరి నుంచి 1945 చివరి దాకా, వరసగా మూడుసార్లు. ఆయన పేరు మన వాళ్ళకి విమానాశ్రయం పేరుగానే తెలుసు. మనిషి సంగతి ఏమిటంటే, మేయర్ కాకముందు వలస వచ్చేవాళ్ళు దిగే ఎల్లిస్ ఐలాండ్‌లో దుబాసీగా పనిచేశాడు, ఇటాలియన్, యిడ్డిష్, జర్మన్, క్రొయేషియన్ మాట్లాడేవాడు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, ఆఫీసులో ఇంగ్లీషు, సినిమాకి హిందీ అనే మా ఊరి మనిషికి ఇందులో పెద్ద వింతేం లేదు. కానీ ఓట్ల దగ్గర అది ఎంత పనికొస్తుందో మాకు బాగా తెలుసు.

ఆయన ఫొటోల్లో అందరూ షేర్ చేసేది జూదం యంత్రాలని సమ్మెటతో పగలగొడుతున్నది. అది కెమెరా కోసం చేసిన పని, చూసి వదిలేయండి. అసలు చూడాల్సింది మార్కెట్లు. అప్పట్లో న్యూయార్క్‌లో తోపుడు బళ్ళు వీధుల నిండా ఉండేవి, ముఖ్యంగా యూదులు, ఇటాలియన్లు ఉండే పేటల్లో. లాగ్వార్డియా వాటిని రోడ్డు మీంచి తీసేసి పైకప్పున్న మార్కెట్లు కట్టించాడు: 1936లో పార్క్ ఎవెన్యూ రైలు వంతెన కింద, 1938లో ఫస్ట్ ఎవెన్యూలో, 1940లో ఎసెక్స్ స్ట్రీట్‌లో, బ్రాంక్స్‌లో ఆర్థర్ ఎవెన్యూలో. లోపల అమ్మేవాళ్ళు తెల్లకోటు వేసుకోవాలి, అరవకూడదు. శుభ్రత, ట్రాఫిక్ అని పైకి చెప్పిన కారణాలు. 1939లో ప్రపంచ ప్రదర్శన పెట్టి దేశదేశాల వాళ్ళని పిలుస్తున్నప్పుడు బళ్ళు కనపడకూడదన్న ఆలోచన కూడా ఉంది. లోపల చోటు దొరికినవాళ్ళు వ్యాపారులయ్యారు, దొరకనివాళ్ళ బతుకు పోయింది. ఒక మేయర్ చేసిన మంచీ చెడూ విడదీయలేకుండా ఒకే పనిలో ఉండటం చూడాలంటే ఇది చూడాలి. మా బడాబజార్లో, అన్నపూర్ణ మార్కెట్ చుట్టూ బళ్ళు తీయించడం, వారానికే మళ్ళీ రావడం చూస్తూ పెరిగినవాళ్ళకి ఆ మార్కెట్ ఫొటోల్లో తెల్లకోటు వేసుకుని బిగుసుకుని నిలబడ్డ ముసలాయన మొహం ఎందుకలా ఉందో విడిగా చెప్పక్కర్లేదు.

లాగ్వార్డియా హయాంలో మిగతావి టూకీగా. 1934లో నగర గృహ నిర్మాణ సంస్థ పెట్టారు, 1935 చివర్లో ఫస్ట్ హౌసెస్ అనే సర్కారు ఇళ్ళు ఇచ్చారు, ఆ తర్వాత క్వీన్స్‌బ్రిడ్జ్‌లో 3,000కి పైగా ఇళ్ళు కట్టారు. 1936లో ట్రైబరో వంతెన, 1939లో విమానాశ్రయం, 1940లో ప్రైవేటు సబ్‌వే కంపెనీలని నగరమే కొనేయడం. డబ్బు ఎక్కువ భాగం వాషింగ్టన్ నుంచి వచ్చింది, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌తో ఆయనకున్న స్నేహం పనికొచ్చింది. 1940 జనాభా లెక్కల్లో నగరం 74 లక్షలు దాటింది. ఇవన్నీ ఎక్కడైనా చదువుకోవచ్చు. ఆర్కైవ్స్‌లో మాత్రమే దొరికేవి ఏమిటంటే మేయర్ ఆఫీసుకీ శాఖలకీ మధ్య నడిచిన ఉత్తరాలు. ఎవరు దేనికి అడ్డుపడ్డారు, ఏ ఫైలు ఎక్కడ ఆగింది, వాటిలోనే తెలుస్తుంది.

ఇక్కడే నేను ఒక మార్కు తగ్గిస్తున్నా. ఫొటోలు ఆన్‌లైన్‌లో ఉన్నంతగా కాగితాలు లేవు. మేయర్ల ఫైళ్ళలో చాలా భాగం చూడాలంటే అక్కడికి వెళ్ళి మైక్రోఫిల్మ్ తిప్పుకోవాల్సిందే, మనలాంటి వాళ్ళకి అది కుదరదు. కొంత ఊరటగా క్వీన్స్‌లోనే లాగ్వార్డియా కమ్యూనిటీ కాలేజీలో 1982లో మొదలైన లాగ్వార్డియా అండ్ వాగ్నర్ ఆర్కైవ్స్ ఉంది. ఆయన సొంత కాగితాలు, తర్వాతి మేయర్లు వాగ్నర్, బీమ్, కోచ్ కాగితాలు, గృహ నిర్మాణ సంస్థ ఫొటోలు అక్కడున్నాయి, వాటిలో కొన్ని ఇంట్లో కూర్చుని చూడొచ్చు. పిల్లల చేత ప్రాజెక్టు చేయించేవాళ్ళకి ఇది ఇంకా సులువు. మేయర్ కాగితాలు ఎవరి సొత్తు అన్న గొడవ అక్కడా ఉంది సుమా. 2001 చివర్లో అప్పటి మేయర్ జూలియానీ దిగిపోతూ తన హయాం రికార్డుల్ని తన పేరు మీదున్న ప్రైవేటు సంస్థ చేతికి ఇప్పించుకుంటే ఆర్కైవిస్టులు, చరిత్రకారులు గట్టిగానే అభ్యంతరం చెప్పారు.

మరి మన సంగతి? బరంపురం మునిసిపాలిటీ 1867 నాటిది, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పటిది. 1901లో ఊరి జనాభా 25,729. 2011 నాటికి మూడున్నర లక్షలు దాటింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సాలో కలిశాం, 2008లో కార్పొరేషన్ అయింది, 2022లో మొదటిసారి మేయర్‌ని మనమే నేరుగా ఓటేసి ఎన్నుకున్నాం. అంటే ఒకే ఊరి కథ చెన్నై ఎగ్మూరు రికార్డు ఆఫీసులో కొంత, భువనేశ్వర్‌లో కొంత, ఇంగ్లీషులో కొంత, తెలుగులో కొంత, ఒడియాలో కొంత చెదిరి ఉంది. మా తాతగారి నాటి తెలుగు దస్తావేజులో హద్దులు చెప్పిన వీధి ఇప్పుడేదో తెలుసుకుందామని ఒక ఆఫీసుకి వెళ్తే, పేరెందుకులెండి, అక్కడి గుమాస్తా బీరువా వైపు చెయ్యి చూపించి తాళం ఎవరి దగ్గరుందో తనకే తెలీదన్నాడు. చదివిపెట్టే మనిషి దొరకడం ఇంకో కష్టం, తెలుగు చదవగలిగినవాళ్ళు ఆ ఆఫీసుల్లో రిటైరైపోయారు. గిరి రోడ్డులో, కోర్టుపేటలో పాత పెంకుటిళ్ళు నెలకొకటి చొప్పున అపార్ట్‌మెంట్లవుతున్నాయి. ఇంటి పన్ను మనమూ కడుతున్నాం, కొలతలు వేయడానికి మనుషులు మన ఇంటికీ వస్తున్నారు, వాళ్ళ జేబులో ఫోన్లూ ఉన్నాయి. ఒక్క క్లిక్ అదనం. మన మేయరమ్మగారికి ఈ మాట ఎవరైనా చేరవేస్తే సంతోషం.

రేటింగ్ ఐదుకి నాలుగు. ఫొటోలకి మాత్రమే అయితే ఐదుకి ఐదు. ప్రింటు కావాలంటే డబ్బు కట్టి తెప్పించుకోవచ్చు, చూడటానికి మాత్రం పైసా అక్కర్లేదు. ఫోన్‌లో కన్నా కంప్యూటర్ మీద చూడండి, పలక మీది నంబర్లు ఫోన్ తెర మీద కనపడవు. 2022 నుంచి పాత జనన, వివాహ, మరణ ధ్రువపత్రాలు కూడా ఉచితంగా పెట్టారు, కానీ అవి మన వాళ్ళు అక్కడికి వెళ్ళక ముందు కాలానివి, మనకి పెద్దగా పనికిరావు. అన్నయ్యలు, అక్కలు, బావలు అక్కడున్నవాళ్ళు వాళ్ళ అడ్రసు అడిగి బ్లాకు, లాటు కొట్టి చూడండి. వాళ్ళు ఉండేది కొత్త మేడ అయినా ఫరవాలేదు, దాని కింద ఏ ఇల్లు పోయిందో అదే కనిపిస్తుంది.