విజయనగరంలో నీళ్ల తగువు నాటకం: టిక్కెట్టు కొనొచ్చా?

గంటస్తంభం నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, ఓ చిన్న హాల్లో నెలకో శనివారం సాయంత్రం ఆడుతున్న హాస్య నాటకం ఇది. ఇంటావిడ, అద్దెకున్న బ్యాంకు గుమస్తా, పాలబ్బాయి, అంతే పాత్రలు. వాటాలింట్లో మోటారు ఎవరు ఎంతసేపు వెయ్యాలన్నదే గొడవ. టిక్కెట్టు 150 రూపాయలు, నిడివి 70 నిమిషాలు, విరామం లేదు. నిస్సందేహంగా కొనొచ్చు. వినాయకచవితి పందిట్లో పాతిక నిమిషాల నాటికగా మొదలైంది, ఇప్పుడు బొబ్బిలి, శ్రీకాకుళం నుంచి కూడా పిలుపులొస్తున్నాయి. ఎందుకు నిలబడిందో నాటకాలాడేవాళ్లంతా గమనించాలి.

ప్రధాన కారణం స్క్రిప్టును వాళ్లు చూసుకునే తీరు. ఆట సాగుతున్నంతసేపూ ప్రాంప్టర్ (తెర పక్కనుంచి నటులకి మాటలందించేవాడు) పెన్సిలుతో గుర్తులు పెడుతుంటాడు. నవ్వొచ్చిన చోట గీత, రావలసి రాని చోట సున్నా. వరసగా మూడు ఆటల్లో సున్నా పడితే ఆ మాట పోతుంది, రాసినాయనకి ఎంత ముద్దైనా సరే. బకెట్ల ఘట్టమే చూడండి. "ఏటి బాబూ, పొద్దుట్నించి ఆరు బకెట్లు తోడీసేరు, ఏనుగుని గానీ కడిగేరేటి?" అంటుంది ఇంటావిడ. మొదట్లో దీని తర్వాత గుమస్తాకి నాలుగు వాక్యాల జవాబుండేది. అవన్నీ తీసేశారు. ఇప్పుడతను ఏడో బకెట్టు మీద నెమ్మదిగా తువ్వాలు కప్పుతాడు. హాలు దద్దరిల్లేది అక్కడే. ఆవిడ వెంటనే తర్వాతి మాట అందుకోదు. నవ్వు తగ్గుముఖం పట్టేదాకా ఆగి, పూర్తిగా చల్లారకముందే అందుకుంటుంది. ముందే అందుకుంటే మాట వినపడదు, ఆలస్యమైతే ఊపు పోతుంది. కొత్త నటులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

యాస విషయంలోనూ మంచి పని చేశారు. మన ఉత్తరాంధ్ర మాటని వెక్కిరింపుకి వాడలేదు. ముగ్గురూ అదే యాసలో మాట్లాడతారు కాబట్టి నవ్వు తగువులోంచి పుడుతుంది, ఉచ్చారణలోంచి కాదు. రోజువారీ రాజకీయాల మీద చెణుకులు రెండే ఉన్నాయి, అవీ ఎప్పటికప్పుడు మారుస్తారు. అలాంటివి నాలుగు నెలలకే పాసిపోతాయి.

తిరగరాయడం ఈ ఊరికి కొత్త కాదు. గురజాడ కన్యాశుల్కం 1892లో ఇక్కడే ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. ఆయన అంతటితో ఊరుకోలేదు, బాగా పెంచి, మార్చి 1909లో మళ్లీ ఇచ్చారు. ఈ రెండో కూర్పు మొత్తం ఆడాలంటే గంటలకి గంటలు పడుతుంది, అందుకే బృందాలు కుదించుకుని ఆడాయి. గిరీశంగా జె.వి. రమణమూర్తి, రామప్ప పంతులుగా జె.వి. సోమయాజులు ఏళ్ల తరబడి నిలబెట్టింది అలాంటి ప్రదర్శనల్నే.

హాలు సంగతి. రెండొందల మంది పట్టే చోట తొంభై కుర్చీలే వేస్తారు, అన్నీ ముందుకి, దగ్గర దగ్గరగా. ఎనభై మంది చెదిరి కూర్చుంటే ఎవరి నవ్వు వాళ్లకే ఉంటుంది, భుజాలు తగిలేలా కూర్చుంటే ఒకరిది ఇంకొకరికి అంటుకుంటుంది. లైట్లు తెల్లగా, నిండుగా ఉంటాయి, రంగు కాగితాలు లేవు. కళ్లూ కనుబొమలూ కనపడకపోతే హాస్యం సగం పోయినట్టే. పాసులు ఇవ్వరు. ఊరికే వచ్చినవాళ్లు మధ్యలో లేచిపోతారని వాళ్లకి బాగా తెలుసు. ఆట మొదలైన పది నిమిషాలకి తలుపు మూసేస్తారు, ముందే వెళ్లండి. పైడితల్లమ్మ జాతర, సిరిమానోత్సవం వారంలో ఆట పెట్టరు, ఆ జనంలో సామాను వ్యాను కోట దాకా రావడమే కష్టం.

లోపాలూ ఉన్నాయి. వేదిక అంచున రెండు ఫ్లోర్ మైకులే ఉన్నాయి, పాలబ్బాయి వెనక గుమ్మం దగ్గర నిలబడి చెప్పే మాటలు అయిదో వరస దాటి వినపడవు. కాలర్ మైకు పెడితే బట్టలు రాసుకుని గరగర వస్తుంది కాబట్టి అది మందు కాదు, పైనుంచి ఒక మైకు వేలాడదీస్తే సరిపోతుంది. వేసవిలో ఫ్యాన్ల హోరు మరో తలనొప్పి. అందాకా రెండో వరస నుంచి నాలుగో వరస లోపు కూర్చోండి, మొదటి వరసలో మెడ నొప్పెడుతుంది.

అన్నిటికన్నా పెద్ద లోటు, ఇంటావిడ పాత్రకి రెండో నటి లేకపోవడం. మగ పాత్రలు రెండింటికీ మారుమనుషులు తయారుగా ఉన్నారు. ఆవిడకి జలుబు చేస్తే మాత్రం ఆట రద్దు, టిక్కెట్టు డబ్బు వెనక్కి. బయటి ఊళ్ల పిలుపులు ఒప్పుకునే ముందే ఇంకొకర్ని రిహార్సల్లో నిలబెట్టుకోవాలి. బకెట్ల ఘట్టంలో నవ్వు తగ్గేదాకా ఆగడం పట్టుబడాలంటేనే నెల రోజులు కావాలి.