ఏది మేలు: ఒడ్డు బార్నకిల్ కాపురమా, లోతు సముద్రం కాపురమా?

మా మావయ్య గుజరాత్‌లోని వేరావల్‌లో బోటు మీద పని చేస్తాడు, ఆగస్టులో ఎళ్తే మళ్లీ వేసవికే భావనపాడు వస్తాడు. మొన్న వచ్చినపుడు తెప్ప తిరగేసి అడుగున పట్టిన బార్నకిల్స్, అదే రాళ్లకీ పడవలకీ అంటుకుపోయే గుల్ల జీవులు, గీకుతుంటే పక్కన కూచుని నా డిగ్రీ జువాలజీ అంతా ఒలకబోసేను, గొడవ అక్కడ మొదలైంది. "ఒరే అల్లుడూ, ఇవి కదలవు మెదలవు, మరి పిల్లలెలా పుడతాయిరా?" అన్నాడు. నవ్వకండి, డార్విన్ అంతటివాడు 1846 నుంచి 1854 దాకా ఎనిమిదేళ్లు వీటితోనే కూచున్నాడు.

గుల్ల ఉంది కదా అని ఇవి నత్తల జాతి అనుకుంటాం, క్యూవియే లాంటి పండితుడు కూడా అలాగే అనుకున్నాడు. 1830లో జాన్ వాన్ థాంప్సన్ అనే ఆయన సముద్రంలో ఈదే బుల్లి పిల్లల్ని పట్టి చూస్తే అవి ఒకచోట అంటుకుని గుల్ల కట్టుకుని బార్నకిల్స్ అయిపోయేయి, అంటే ఇవి రొయ్యలకీ పీతలకీ చుట్టాలన్నమాట. తల కిందికి అంటించేసుకుని కాళ్లతో మేత తోడుకుని బతుకుతాయి.

సరే, కాపురం సంగతి. మన తెప్పకి పట్టే రకం ఒక్కటే జీవి, ఆడా తనే మగా తనే. కదల్లేదు కాబట్టి మగ అవయవాన్నే చాచి పక్కింటి తలుపు తడుతుంది, కొన్నిట్లో అది ఒంటికి ఎనిమిది రెట్లు దాకా సాగుతుంది. కెరటాలు గట్టిగా కొట్టే చోట పొట్టిగా లావుగా పెరుగుతుంది, లేకపోతే నీటి ఊపుకి అదుపు తప్పుతుంది కదా. ఇందులో లాభం ఏటంటే చుట్టూ ఉన్న ప్రతిదీ జోడీయే. అందే దూరంలో ఎవ్వరూ లేకపోతేనే చిక్కు, అయితే పసిఫిక్ ఒడ్డు రాళ్ల మీద ఉండే ఒక రకం నీళ్లలోకి వదిలిన వీర్యాన్ని కూడా పట్టుకుంటుందని 2013లో తేలింది.

ఇంక రెండో కాపురం. రెండు మూడు కిలోమీటర్ల లోతున చాలా చోట్ల బురదే, అంటుకోడానికి ఓ రాయి ముక్కో పగడం కొమ్మో సముద్రపు ముళ్లకాయ ముల్లో దొరికితే అదే భాగ్యం, పక్కింటివాళ్లు ఎక్కడో. ఎంత చాచినా ఏటి లాభం? అందుకని అక్కడ చాలా రకాల్లో ఆడది పెద్దగా పెరుగుతుంది, మగాళ్లు నలుసంత, దాని గుల్ల అంచులో జేబుల్లాంటి గుంటల్లో ఉంటారు. చాలామందికి నోరూ లేదు పొట్టా లేదు, చిన్నప్పుడు తెచ్చుకున్న నిలవ మీద బతుకుతూ వీర్యం ఇవ్వడమే పని. డార్విన్ వీటిని మొదట పరాన్నజీవులనుకున్నాడు, తీరా చూస్తే మొగుళ్లు!

మధ్యే మార్గం కూడా ఉంది, ఆడా మగా రెండూ తనే అయిన దానికి పైనుంచి బుల్లి మగాళ్లు. వీళ్లకి డార్విన్ పెట్టిన పేరు 'కాంప్లిమెంటల్ మేల్స్', అంటే తోడు మగాళ్లు, 1851 పుస్తకంలోనే రాసేడు. తర్వాత చార్నోవ్ అనే ఆయన లెక్క కట్టి చెప్పింది ఏటంటే, చుట్టూ గుంపు ఎంత చిన్నదైతే మగ పనికి పెట్టే ఖర్చు అంత దండగ, ఆ మేత గుడ్లకి పెట్టుకోడమే మేలు. నాకైతే ఈ లెక్క నచ్చింది. మేత కరువైన చోట రెండు పెద్ద ఒళ్లు మేపడం కన్నా ఒక పెద్దదీ నాలుగు నలుసులూ చవక, అందుకే నా ఓటు లోతు కాపురానికే. తెప్ప మీదైతే మొదటిదే గెలుస్తుందనుకోండి, అక్కడ కాలు పెట్టడానికి సందుండదు.

పేరు పెట్టేవాళ్లకి మాత్రం ఈ నలుసులతో పెద్ద తలనొప్పి. సముద్రాల్ని పరిశోధించడానికి బయల్దేరిన చాలెంజర్ ఓడ 1872 నుంచి 76 దాకా తిరిగి తెచ్చినవాటిని హోక్ అనే ఆయన 1883లో వర్ణించేడు, అప్పుడు ముఖ్యమైన ఆధారం గుల్ల పలకలే. ఓడ మీద చేతికి దొరికిందాన్ని పోల్చడానికి ఇప్పటికీ పలకలే మేలు, త్వరగా తేలుతుంది, 1979లో న్యూమన్ అనే ఆయన పసిఫిక్ అడుగున వేడినీటి బుగ్గల దగ్గర దొరికిన నియోలెపాస్ అనే బార్నకిల్‌కి పేరు పెట్టింది కూడా ఒంటి ఆకారం చూసే. కానీ పిల్లప్పుడు ఒక రూపం పెద్దయ్యాక ఇంకో రూపం, ఒకే జాతికి రెండు పేర్లు పడిపోయే ప్రమాదం ఉంది, అక్కడ డీఎన్ఏ లేకపోతే పని జరగదు. డీఎన్ఏ ఒక్కటే చాలంటే నేను ఒప్పుకోను, గుంటలో మగాడున్నాడా లేదా అన్నది చాకు పెట్టి తెరిచి చూస్తేనే తెలుస్తుంది.

మావయ్య అంతా విని గీకుడు ఆపేడు. "అంటే ఆ కింద మొగుడు పెళ్లాం జేబులోనే ఉండిపోతాడంటావ్."

"అవును మావయ్యా."

"గట్టిగా అనకురా, మీ అత్త వింటే వచ్చే ఆగస్టుకి నన్ను వేరావల్ ఎళ్లనివ్వదు."