మస్టాంగ్ వెనుక యాక్సిల్: ఎనిమిదా, తొమ్మిదా?
1960ల నాటి ఫోర్డ్ మస్టాంగ్‌ను రేసుకు సిద్ధం చేసేవారు దాని వెనుక యాక్సిల్ 8 అంగుళాలదా, 9 అంగుళాలదా అన్నది ముందుగా తేల్చుకోవాలి. ఈ కొలత యాక్సిల్ లోపలి పెద్ద పళ్ల చక్రం, అంటే క్రౌన్ వీల్, వ్యాసానిది. బండి కింద దూరి, డిఫరెన్షియల్ (రెండు వెనుక చక్రాలకు శక్తిని పంచే గేర్ల అమరిక) ముందు వైపు నట్లకు సాకెట్ పెట్టి చూడాలి: అన్నిటికీ తిన్నగా పడితే అది 8, అడుగున ఉన్న రెండింటికి పట్టక స్పానర్ అవసరమైతే 9. మామూలు ప్రయాణాలకు తేలికైన 8 చాలు, దాన్ని మార్చడం వృథా ఖర్చే. రేసుకు మాత్రం, కాస్త బరువైనా, రాపిడిలో కొంత శక్తి పోయినా, పినియన్‌ను (క్రౌన్ వీల్‌ను తిప్పే చిన్న గేరును) మూడు బేరింగులు పట్టి ఉంచే 9 అంగుళాలదే నా ఎంపిక; మస్టాంగ్‌కే పదునుపెట్టిన రూపమైన 1965 షెల్బీ జీటీ350లో ఉన్నదీ అదే. అందులోనూ చక్రాలను తిప్పే 28 స్ప్లైన్ల (చివర చెక్కిన పళ్ల) షాఫ్టుల స్థానంలో మరింత లావైన 31 స్ప్లైన్లవి వేయదలిస్తే, డిఫరెన్షియల్ లోపల ఆ షాఫ్టులు దూరే సైడ్ గేర్లు కూడా వాటికి సరిపోయేవే ఉండాలి; లేకుంటే కొత్త షాఫ్టులు అసలు లోపలికే ఎక్కవు.