స్టాప్‌లాస్ సిస్టమ్‌లో పెట్టాలా, మనసులో పెట్టుకోవాలా?

బంగారం, వెండి ట్రేడింగ్‌లో నష్టం ఎక్కడ ఆపాలో చాలామందికి తెలుసు. అలా ఆపే ధరే స్టాప్‌లాస్. బ్రోకర్ సిస్టమ్‌లో ముందే ఆర్డర్‌గా పెడితే ధర తగలగానే అదే అమ్మేస్తుంది, మనసులో పెట్టుకుంటే మనమే అమ్మాలి. ఆ ధర వచ్చాక చెయ్యి ఆడదు, అదే చిక్కు. లాభాన్ని తొందరగా అమ్మేసి నష్టాన్ని పట్టుకు కూర్చునే ఈ ధోరణిని ఫైనాన్స్ పరిశోధకులు షెఫ్రిన్, స్టాట్‌మన్ 1985లోనే వివరించారు.

ఖర్చు: సిస్టమ్ ఆర్డర్ చిన్న ఊపుకే బయటికి నెట్టేస్తుంది, ధర మళ్లీ లేస్తే మనసు గిలగిల్లాడుతుంది. మనసులోదైతే ఆ ఊపులు తప్పుతాయి. కానీ అదుపు తప్పిన ఒక్క నష్టం ఎన్నో చిన్న లాభాలను మింగేస్తుంది.

శ్రమ: మొదటిదానికి ముందే లెక్క కట్టాలి. 14 రోజుల ఏటీఆర్ (ధర రోజుకు సగటున ఎంత ఊగుతుందో చెప్పే కొలత) చూసి, కొన్న ధరకు దానికి రెట్టింపు దూరంలో కింద స్టాప్ పెట్టండి. అది తగిలితే పోయేది మొత్తం పెట్టుబడిలో 1 శాతం మించకుండా కొనే పరిమాణం తగ్గించండి. వెండి బంగారం కన్నా ఎక్కువ ఊగుతుంది, ఒకే దూరం రెండింటికీ సరిపోదు. రెండోదానికి స్క్రీన్ ముందు కాపలా తప్పదు.

రిస్క్: 2013 ఏప్రిల్ 15న బంగారం ఒక్కరోజే సుమారు 9 శాతం పడింది. అలాంటి రోజున "ఇంకాస్త చూద్దాం" అనుకోవడమే కొంప ముంచుతుంది. సిస్టమ్ ఆర్డర్‌కూ లోపం ఉంది: ధర గ్యాప్‌తో, అంటే నిన్నటి ముగింపు నుంచి ఒక్కసారిగా కిందికి దూకి, తెరుచుకుంటే అనుకున్నదానికన్నా కింద అమ్ముడవుతుంది. స్టాప్ లిమిట్ (పెట్టిన కనీస ధరకు తగ్గకుండానే అమ్మే ఆర్డర్) అయితే అసలు అమ్ముడవకపోవచ్చు.

మార్జిన్ మీద, అంటే మొత్తం విలువలో కొంత భాగమే కట్టి, ఫ్యూచర్స్ (ముందు తేదీకి కొనుగోలు, అమ్మకం ఒప్పందాలు) చేసేవారికి సిస్టమ్ ఆర్డరే మేలు. స్టాప్‌ను ఒక్కసారైనా కిందికి జరిపిన అలవాటుంటే మరీనూ. సొంత డబ్బుతో ఏళ్లపాటు ఉంచుకునేవారికి మనసులోది చాలు, కాకపోతే అమ్మే ధర, కారణం కొనకముందే కాగితం మీద రాసుకోవాలి.